తేదీ లేని వార్తలు

బడిపంతులమ్మ నాన్న కత్తెర పట్టాడంటే వెంట్రుకవాసి తేడా రాదు. మిల్లులో ఏళ్ల తరబడి బట్ట కత్తిరించిన చెయ్యి మరి. బాయిలర్ పేలి తన షిఫ్టువాళ్లు పోయినప్పుడు పేపర్లో వచ్చిన ప్రతి వార్తనూ కత్తిరించి పుస్తకంలో అంటించాడు. తేదీ, పేజీ నెంబరు, పక్కనే సబ్బుల ప్రకటనలు ఉండే పైభాగాన్ని మాత్రం శుభ్రంగా చెత్తబుట్టలో పడేశాడు. పోయినవాళ్ల నెత్తిన సబ్బుల ప్రకటనలెందుకని ఆయన బాధ.

ఆ పుస్తకాన్ని నమ్ముకునే కూతురు నలభై దాటాక పరిశోధనకు దిగింది. మిల్లువాళ్లు తమ చరిత్రలో ఆ ప్రమాదం ఊసే ఎత్తలేదు. అందుకే దాని మీద ఒక అధ్యాయమంతా పట్టుబట్టి రాసింది.

గైడు ఆధారాల పట్టిక దాకా వచ్చి పెన్ను కింద పెట్టేశాడు. పాపం మంచివాడు, తిట్టిపోయడానికి కూడా వీల్లేదు. ఒకటీ అరా అయితే 'తేదీ తెలియదు' అని రాసి గట్టెక్కొచ్చు గానీ, అధ్యాయమంతా అలా నిలబెట్టలేమన్నాడు. సొంత తండ్రి సాక్ష్యమంటే పరీక్షకులు అసలే ఒప్పుకోరట.

ఆమె కాళ్లరిగేలా తిరిగింది. పత్రిక ఎప్పుడో మూతపడింది. పాత సంచికలు లైబ్రరీకి ఇచ్చామన్నారు దాని యజమానులు. లైబ్రరీవాళ్లు చెదలు పట్టాయని తగలబెట్టామన్నారు, అదేదో ఘనకార్యమైనట్టు. వెనకవైపు తేదీ ఏమైనా దొరుకుతుందేమోనని ఒక ముక్కను తడిపి ఊడదీస్తే, బంకతోపాటు అక్షరాలూ ఊడొచ్చాయి. మిగతావాటిని ముట్టుకోవడానికి చేతులు రాలేదు. నాన్ననడిగింది.

"పేలిన రోజు చెప్పగలను గానీ, ఏ వార్త ఏ రోజు వచ్చిందో ఎలా చెప్పనమ్మా? అప్పుడు ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నాను."

గడువు ముంచుకొచ్చింది. అధ్యాయం తీసేసి థీసిస్ ఇచ్చేసింది. డాక్టరేటూ వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. ఆమెకు మాత్రం ఏడుపొచ్చింది.

అట్టలు వేసిన థీసిస్‌ను తండ్రి ఒళ్లో పెట్టుకుని, వేలితో వరస పట్టుకుంటూ చివరిదాకా చదివాడు. మళ్లీ మొదటికొచ్చి వెతికాడు.

"మావాళ్లు ఎక్కడున్నారమ్మా?"

లేరని చెప్పింది. ఎందుకో కూడా చెప్పక తప్పలేదు. ఆయన కళ్లజోడు తీశాడు.

"పైన కాస్త వదిలి కత్తిరించుంటే, ఉండేవాళ్లా?"

అబద్ధమాడదామని నోరు తెరిచింది. ఆయన ఒళ్లోంచి థీసిస్ తీసి పక్కన పెట్టేసింది. ఆయనకు అర్థమైపోయింది.