నర్సమ్మ నోట్లో చిటికెడు నెత్తళ్ళ పొడి

ఈ ఉదయం నెత్తళ్ళు వేయిస్తుంటే మా కోడలు వచ్చి వంటింటి కిటికీలన్నీ తెరిచింది. కోవూరులో వరిచేల మధ్య పెరిగిన పిల్ల. "వీధి చివరిదాకా వాసన పోతుందత్తయ్యా" అంది. పోనీలే అన్నాను. మనవరాలి గంజిలోకి పొడి కొట్టాలి మరి. ఆ ఎండుచేపలు సన్నని సెగ మీద కరకరలాడబోయే ముందు కాస్త తియ్యటి వాసన వేస్తాయి. అది ముక్కుకి తగిలినప్పుడల్లా, మా ఊరు వచ్చేదాకా జన్మలో చేప ముట్టని ఒక మనిషి గుర్తొస్తుంది.

కామాక్షమ్మగారు మా పాళేనికి వచ్చేనాటికి నాకు పదేళ్ళు. కృష్ణపట్నం దగ్గర ఇసుక దిబ్బల వెనక, మట్టిగోడలూ తాటాకు కప్పులూ ఉన్న పాతిక ముప్పై ఇళ్ళ జాలర్ల ఊరు మాది. కాన్పులు చూడటానికి ప్రభుత్వం వేసిన నర్సమ్మ ఆవిడ. నడివయసు, ఒంటరి మనిషి. చాపల మీద ఎండుతున్న చేపల పక్కన నడిచేటప్పుడు చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. మేం పిల్లలం వెనకాలే పావడాలెత్తి ముక్కులు మూసుకుని, ఆవిడలాగే నడిచేవాళ్ళం. ఒకరోజు చటుక్కున వెనక్కి తిరిగింది. తిడుతుందనుకుంటే నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాం.

మా తమ్ముడు చెంగయ్యకు అప్పుడు రెండున్నరేళ్ళు. నిలబడలేడు. ఒక్క మాట రాలేదు. పొట్ట ముందుకొచ్చి, కాళ్ళు పుల్లల్లా ఉండేవి. వాన పడి గోడ తడిస్తే చాలు, పాక్కుంటూ పోయి మట్టి గీక్కుని తినేవాడు. అమ్మ చేపల గంప ఎత్తుకుని ఊళ్ళ మీద పోయేది కాబట్టి వాణ్ణి కాచుకోవడం నా పని. నోట్లో వేలు పెట్టి మట్టి తీసి, వీపు మీద రెండు వేసేదాన్ని. గట్టిగా ఏడ్చే ఓపిక కూడా లేక వాడు నా వంక చూసేవాడు. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అలా కొడుతుండగా ఒకరోజు నర్సమ్మ నా చెయ్యి పట్టుకుంది. వాడి కంటి కింది రెప్ప లాగి చూసింది.

"చూడవే, ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయింది. ఒంట్లో రక్తం లేదు. రక్తానికి కావలసిన ఇనుము తిండిలో లేక మట్టి కోసం పాకుతున్నాడు. ఏం పెడుతున్నారు వీడికి?"

"గంజీ ఉప్పమ్మా."

"చేప?"

భయంగా తల అడ్డంగా ఊపాను. మాటలు రాని బిడ్డకు మా పాళెంలో చేప పెట్టరు. చేపకు నోరుంది గాని మాట లేదు, అది తిన్న బిడ్డ మూగవాడైపోతాడని నమ్మకం. మిగతా పిల్లలకు రెండేళ్ళలోపే మాటలొచ్చేవి, చేపముక్కా దొరికేది. మావాడికి మాట రాలేదు, అందుకని చేపా లేదు. వాకిలి నిండా చేపలు ఎండుతుంటే వాడు వాటి మధ్యనే గోడ గీక్కుంటూ ఎండిపోతున్నాడు.

మర్నాడు నర్సమ్మ ఒక డబ్బా తెచ్చింది. నెత్తళ్ళు వేయించి, తన ఇంటి రోట్లో తానే దంచి తెచ్చిన పొడి. గంజిలో ఇంత పొడి, ఇంత మునగాకు వేసి పెట్టమంది. మా అవ్వ, నాన్న తల్లి, గడపకు అడ్డంగా కూర్చుంది.

"మాటొచ్చిందాకా చేప పెట్టేదిలేదమ్మా. అయినా మీరు తినరు గదా, మా బిడ్డకెట్ట పెట్టమంటారు?"

నర్సమ్మ డబ్బా మూత తీసి, చిటికెడు పొడి నోట్లో వేసుకుంది. కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. చెంగు నోటికి అదుముకుని మింగింది.

"నా మాటేమైనా పడిపోయిందా పెద్దమ్మా?"

"మీది ఎప్పుడో వచ్చిన మాట. వాడిది ఇంకా రావాల్సిన మాట గదమ్మా" అంది అవ్వ, మెత్తగానే.

"రాకపోతే నన్నడుగు. నేనెక్కడికీ పోను. ఇక్కడే ఉంటాను."

ఆ ఒక్క మాట మీద అవ్వ గడప వదిలింది.

పెట్టే చెయ్యి నాదే. నా తమ్ముణ్ణి నేనే మూగవాణ్ణి చేస్తున్నానేమోనని ప్రతి ముద్దకూ భయమే. ఆ మాటే నర్సమ్మతో అన్నాను. "ఈ పొడికి మాట పోదే. కానీ ఎప్పటికొస్తుందో నేను చెప్పలేను. నాకూ బెంగగానే ఉంది. అయినా మానకు, పెట్టు" అంది. అంత పెద్ద మనిషి నాతో బెంగ అని చెప్పుకున్నందుకు ఆ పూట నాకు ఆవిడంటే ఎంత ప్రేమ పుట్టిందో.

నెలలు గడిచాయి. వాడు గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు, గీకలేదు. బుగ్గలకు రంగొచ్చింది. మాట మాత్రం రాలేదు. "మాట్లాడాడా?" అంటూనే నర్సమ్మ రోజూ మా వాకిట్లో కాలు పెట్టేది. అలా అడుగుతుండగానే ఆవిడకు ఉదయగిరి వైపు బదిలీ అయింది.

పోయే రోజు వాణ్ణి ఎత్తుకుని "ఒక్క మాటరా నాన్నా" అని బతిమాలింది. వాడు ఆవిడ చెవి కమ్మ పట్టుకుని లాగాడు.

"ఇక్కడే ఉంటానని చెప్పి పోతుండారే" అంది అవ్వ.

నర్సమ్మ తల దించుకుంది. వాణ్ణి నాకు అందించి వెళ్ళిపోయింది.

ఇరవై రోజులు కూడా కాలేదు. గంజి అయిపోయిన గిన్నె నా వైపు తోసి "ఇంకా" అన్నాడు చెంగయ్య. అవ్వ గబగబా వచ్చి వాణ్ణి చంకనేసుకుని, నర్సమ్మ ఉండి వెళ్ళిన గది దాకా నడిచింది. నేను వెనకాల పరిగెత్తాను. తలుపుకు తాళం వేసి ఉంది. అవ్వ ఆ తాళం ముందు నిలబడి "ఇంకోసారి అనరా అయ్యా, ఆయమ్మ వినలా" అంది. వాడు అన్నాడు. అవ్వ అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చింది.

నర్సమ్మకు కార్డు రాయించాం. ఊరి పేరు సరిగ్గా తెలియదు. జవాబు రాలేదు.

చెంగయ్య ఇప్పుడు రేవులో నోరు మూయకుండా వాగుతాడు, వాణ్ణి ఆపడం వాడి పెళ్ళాం వల్ల కూడా కాదు. నేను మాత్రం ఎప్పుడు పొడి కొట్టినా, బిడ్డకు పెట్టే ముందు చిటికెడు నా నోట్లో వేసుకుంటాను. ఇవాళా వేసుకున్నాను. "వాడికి మాటొచ్చిందమ్మా" అని కోడలికి వినబడకుండా చెప్పి, అప్పుడు మింగాను.