వరప్రసాదరావు గారి కత్తెర

డాక్టర్ వరప్రసాదరావు గారికి బొమ్మ కనబడితే దాని అంచులు కత్తిరించందే ముద్ద దిగదు. కాగితమైతే జేబులో కత్తెర, కంప్యూటర్లో అయితే మౌసు. నందిగామలో ఆయన స్కానింగ్ సెంటరు గోడ మీది క్యాలెండరులో దేవుడు మిగిలాడు గానీ తారీఖులు మిగల్లేదు.

"చూడాల్సింది దేవుణ్ణి కదమ్మా, మిగతాదెందుకు?" అంటారు.

సొంత పెళ్లి ఫోటోలోంచి మామగారినీ, బావమరుదులనీ, చివరికి పురోహితుణ్ణీ ఎగరగొట్టారు. "ఇంకా నయం, నన్నుంచారు," అంటుంది ఆయన భార్య కమలాంబ. మిగిలిన ఫోటోలు ఆవిడ బియ్యం డబ్బాలో దాచిందని వినికిడి.

ఆ కత్తిరింపుల జబ్బు ఆయన దగ్గర పనిచేసే డాక్టర్ సంహిత వ్యాసం మీదికీ వచ్చింది. మెదడులో వచ్చే ఒక అరుదైన గడ్డ గురించి ఆమె రాసిన వ్యాసాన్ని, బొమ్మ బాగోలేదని వైద్య పత్రికవాళ్లు తిప్పి పంపారు. ఈ సాయంత్రంలోగా సరిచేసి పంపకపోతే ఆమె పడ్డ కష్టమంతా గంగలో కలిసినట్టే. తలను పక్కనుంచి చూపే ఎమ్మారై బొమ్మ ఎంచుకుని, మూలనున్న పేరు తీసేసి, గడ్డ దగ్గర బాణం గుర్తు పెట్టింది. నుదురు, ముక్కు, గడ్డం అచ్చు పోసినట్టు వచ్చాయి. మురిసిపోతూ కాఫీకి వెళ్లి వచ్చేసరికి బొమ్మకి ముఖం లేదు.

"సార్, ముక్కేదండీ?"

"వ్యాసం మెదడు గురించా, ముక్కు గురించా?"

"మళ్లీ తిప్పి పంపితే నా గతేంటండీ?"

"తిప్పి పంపరులేమ్మా. కానియ్."

మార్చే టైము లేక ఏడుపు మొహంతో అలాగే పంపింది.

కొన్నాళ్లకి వ్యాసం వేసుకుంటామని కబురొచ్చింది. సంహితకి ప్రాణం లేచొచ్చింది. సారు చాదస్తానికి అదృష్టం తోడైందనుకుని, ఆ స్కాను తాలూకు మనిషికి ఫోన్ చేసి చెప్పింది. అతను జగ్గయ్యపేటలో పెళ్లి వంటల మేస్త్రి ప్రేమదాసు. గడ్డ తీయించుకుని నిక్షేపంగా ఉన్నాడు. ఆవిరి పీల్చి పప్పులో ఉప్పెంతుందో చెప్పే అతని గద్ద ముక్కుని పేటలో ఎరగనివాళ్లు లేరు.

మర్నాడే బస్సెక్కి వచ్చేశాడు.

"పేరు రాదన్నారని ఒప్పుకున్నానండీ. కానీ ఈ ముక్కుంది గదండీ. తలకాయలో గడ్డొచ్చిందని తెలిస్తే నన్నెవరు పిలుస్తారండీ వంటకి? ఉప్పు రెండుసార్లేస్తాడంటారు."

వరప్రసాదరావు గారు కంప్యూటరు అతనివైపు తిప్పారు. ప్రేమదాసు వంగి వంగి చూశాడు.

"ఇదెవరిదండీ?"

"నీదేనయ్యా."

"నాలా లేదే."

"నీలా ఉంటే పెళ్లిళ్లు పోవూ?"

ముక్కు ఎందుకు పోయిందో సంహితకి అప్పుడు అర్థమైంది. ఆ పెద్దాయన మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది.

ప్రేమదాసు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఆదివారం పెళ్లి వంట తనదేననీ, ఇద్దరూ భోజనానికి రావాలనీ చెప్పి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, ఇంకోసారి బొమ్మకేసి చూశాడు.

"మంచి తలకాయేనండీ," అన్నాడు నవ్వుతూ, "ఎవరిదో గానీ."