మాగాయ మీదికి నెట్టిన తుప్పు

కాదు, నేనొప్పుకోను. కారు తుప్పు పట్టింది మా అత్తయ్య మాగాయ వల్లేనని ఈ క్యాంపులో ఎంతమంది అన్నా సరే, ఒప్పుకోను.

ఆవిడ కారు మీద మాగాయ ఎండబెట్టిన మాట నిజమే. ఇంకెక్కడ పెట్టమంటారు? మాది పెంకుటిల్లు, డాబా లేదు. వాకిట్లో కోళ్లు, వడ్ల దుమ్ము. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, కర్ణాటకలో సింధనూరు దగ్గర కాలువ కింద భూములు కొనుక్కుని, క్యాంపులని ఊళ్లు కట్టుకున్న మా వాళ్లకి, ఎండ బాగా తగిలే శుభ్రమైన చోటు ఒక్కటే దొరికింది. మామయ్యగారి పాత కారు పైకప్పు. ఉప్పులో ఊరిన మామిడి ముక్కలు ఏటా దానిమీదే, గుడ్డ పరిచి ఎండబెట్టేది. పోయిన వేసవిలో అక్కడ రంగు బుడగలు లేచి రాలింది. కింద ఎర్రగా తుప్పు.

అంతే, మామయ్యగారు ఇల్లెగిరిపోయేలా అరిచారు. "ఇక నువ్వీ కారెక్కడానికి వీల్లేదు!"

నడుం పడిపోయి మంచంలో ఉన్న చెల్లెల్ని చూడ్డానికి అవతలి క్యాంపుకి వెళ్లాలంటే అత్తయ్యకి ఆ కారే గతి. బస్సు లేదు. ఆవిడ జాడీ ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. మండింది నాకు.

నేను బెజవాడలో మా నాన్న కార్ల షెడ్డు పక్కన పెరిగినదాన్ని. ఫోనున్న రైసుమిల్లుకి వెళ్లి నాన్నకి ట్రంకు కాల్ పెట్టాను. కొత్త కోడలు ఫోను పట్టుకుంటే వదలదని గుమస్తాలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

"తుప్పు మీద రంగేస్తే పుండు మీద పౌడరద్దినట్టే" అన్నాడు నాన్న. "మెరిసే రేకు కనబడేదాకా గీకించు. చిల్లు పడితే ఆ మేరకి కోసి కొత్త రేకు అతికించాలి. గీకిన రోజే తుప్పు ఆపే రెడ్ ఆక్సైడు పూత పట్టించు. గాలికి వదిలేశావో, మళ్లీ మొదటికే."

డెంటింగు మేస్త్రీ రాయచూరు మనిషి. కారు చుట్టూ తిరిగి పెదవి విరిచాడు.

"ఏంది బిడ్డా, గింత పాత బండికి గంత హైరానా? జర పుట్టీ పెట్టి రంగు కొడితే పెండ్లిపిల్లగాని లెక్క అయితది."

"మర్నాడు మొహం కడుక్కుంటే?"

"అబ్బో, నోరున్న పిల్లనే!" అంటూ గీకుడు మొదలుపెట్టాడు.

పైకప్పు మీద తుప్పు లోతుగా దిగలేదు. గీకిన కాసేపటికే తెల్లటి రేకు బయటపడింది. ఎక్కడా చిల్లు లేదు. డిక్కీ కూడా చూద్దామన్నాను.

"డిక్కీ బానే ఉంది" అన్నారు మామయ్యగారు, వెంటనే.

ఆయన ఎరువు బస్తాలు మోసేది అందులోనే. అడుగున పరిచిన గోనెపట్టా లాగాను. తడిసి గడ్డకట్టిన ఎరువు. గీకి స్క్రూడ్రైవరు ఆనించానో లేదో, కసుక్కున దిగిపోయింది. చిల్లులోంచి నేల కనిపించింది.

"అరె బాప్‌రే! పైన ఉత్త మచ్చనే ఉండె. ఇది జల్లెడ అయింది గదయ్యా!" అన్నాడు మేస్త్రీ.

మామయ్యగారు గొంతు సవరించుకున్నారు. "ఎరువంటే పంట కోసమమ్మా. మాగాయ దేనికోసం?"

"ఆ పంట వండాక కలుపుకోడానికండి."

మేస్త్రీ అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వాడు.

"సరేలే, ఆ పట్టా మళ్లీ పరిచెయ్యి. పైన రంగేస్తే చాలు. డిక్కీ లోపల ఎవడు చూడొచ్చాడు?" అన్నారు మామయ్యగారు.

"రెండూ చేయించాలి, లేదంటే రెండూ వదిలెయ్యాలి. పైకప్పొక్కటే బాగుచేస్తే, తప్పంతా అత్తయ్యదేనని బోర్డు కట్టినట్టు" అన్నాను.

మామగారికి ఎదురు చెప్పిన కోడలని క్యాంపంతా చెప్పుకుంది. నాకేం సిగ్గు లేదు.

అప్పుడు అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, ఆ చిల్లులోకి వంగి చూసింది. "కోయించండి" అంది మామయ్యగారితో. "రంగు ఆరాక నన్ను మా చెల్లెలి దగ్గర దింపండి."

కోశారు. కొత్త రేకు అతికించి, ఆ పూటే రెడ్ ఆక్సైడు పూశారు. రంగు ఆరగానే ఆవిణ్ణి మామయ్యగారే తీసుకెళ్లారు. దారంతా ఇద్దరూ పలకలేదట. పలక్కపోతేనేం, అక్కచెల్లెళ్లు పలకరించుకున్నారు.

ఇప్పటికీ ఈ క్యాంపు అరుగుల మీద అది "మాగాయ తిన్న కారే". పైకప్పు మీద మచ్చ మాదే, కాదనను. అడుగంతా తినేసిన ఎరువు పేరెత్తడానికి మాత్రం ఒక్క మగవాడికీ నోరు రాలేదు. నేను చెప్పేది తప్పంటారా? అయితే ముందు మీ బండి డిక్కీలో పట్టా ఎత్తి చూసుకుని, ఆ మాట నా మొహం మీద అనగలరా?