ఉరుమన్న చొక్కాకు రెండు జేబులు

ముందు గలగల వినబడుతుంది. వనపర్తి పాత బజారు మలుపులో ఎవరో గాజుల బండి తోసుకొస్తున్నారనుకుంటాం. ఆ తర్వాతే ఇస్రాయేలు మామ కనబడతాడు. గాజులూ లేవు, బండీ లేదు. ఆయన చొక్కాకు ఏడు జేబులు, ప్యాంటుకు ఆరు. ఒకదాంట్లో గుండీలు, ఒకదాంట్లో దారం బాబిన్లు, ఇంకోదాంట్లో సోంపు డబ్బా. మనిషి నడుస్తుంటే చిన్న సంత ఒకటి లేచి కాళ్లు సాగదీసుకుంటున్నట్టు ఉంటుంది.

ఇస్రాయేలు మామ దర్జీ. లోకంలో ఆయనకున్న పట్టింపు ఒక్కటే: జేబు లేని బట్ట ఆయన దృష్టిలో బట్టే కాదు. ఆయన కుట్టుమిషన్‌కూ నా జిరాక్స్ దుకాణానికీ మధ్య ఒకే గోడ. పదేళ్లుగా ఆ గోడకు ఈవల కూర్చుని, ఆయన దగ్గరికి వచ్చిన వాళ్ల కేకలు వింటున్నాను.

తిమ్మాజిపేట నుంచి తిరుపతయ్య వచ్చి నాలుగు దిండు గలేబులు కుట్టమని గుడ్డ ఇచ్చిపోయాడు. నాలుగింటికీ నాలుగు జేబులు వచ్చాయి.

"గిదేంది ఇస్రాయేలూ? దిండుకు జేబేంది?"

"పండుకునేటప్పుడు కండ్లద్దాలు యాడ పెడ్తవ్?"

"కిటికీల."

"పొద్దుగాల ఎత్కుతవా, లేదా?"

"ఎత్కుత."

"ఇగ ఎత్కకు."

పాల్ అయ్యగారి తెల్లని పొడుగు అంగీకి రెండు జేబులు పెట్టినప్పుడు చర్చిలో పెద్ద గొడవ. పవిత్రమైన బట్టకు ఇదేం పని అన్నారు. మూడో ఆదివారం ప్రసంగం మధ్యలో దగ్గు వస్తే అయ్యగారు ఆ జేబులోంచే దగ్గుబిళ్ల తీసి చప్పరించారు. సంఘం మొత్తం ఇస్రాయేలు మామ వైపు తిరిగి చూసింది. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నాడు.

ఆయన భార్య సారమ్మత్త బాధ వేరు. "కూరగాయల సంచి కుట్టమంటే సంచికి జేబు కుట్టిండు బిడ్డా. ఆ జేబుకు ఇంకో జేబు. పొద్దున కొన్న పచ్చిమిరపకాయలు పొద్దూకే దాకా దొరకలే!"

ఎందుకిలా అని ఎవరడిగినా మామ గోడమీది పటం చూపించేవాడు. అందులో ఉన్నది ఉరుమన్న. ఎనభైల్లో ఒక వారపత్రికలో వచ్చిన బొమ్మల కథకు వీరుడు. ఆకుపచ్చ చొక్కా, వీపున ఎర్ర గుడ్డ, ఛాతీ మీద రెండు పెద్ద జేబులు. ఆ పత్రిక ఎప్పుడో మూతపడింది. కథలు ఎవరి దగ్గరా మిగల్లేదు. మిగిలిన ఒక్క ముఖచిత్రాన్ని నేనే రంగుల్లో జిరాక్స్ తీసి ఇచ్చాను. దాన్ని ఆయన అద్దం వేయించి పెట్టుకున్నాడు.

"ఉరుమన్నకున్నై. నీకెందుకుండొద్దు?" అనేవాడు. ఇక మాట్లాడటానికి ఏముంటుంది?

ఎనిమిదేళ్ల కిందట బాలికల పాఠశాల యూనిఫాంలు కుట్టే పని ఆయనకు దొరికింది. మూడు వందల నలభై పంజాబీ డ్రెస్సులు. మూడు వందల నలభైకీ పక్కజేబులు పెట్టాడు. ఎవరు పెట్టమన్నారని పెద్ద టీచరు వసంత గారు నిలదీస్తే "ఉరుమన్న" అని చెప్పాడు. ఊరు వారం రోజులు నవ్వింది. పిల్లలు మాత్రం ఆ వారమంతా చేతులు జేబుల్లోనే పెట్టుకుని, చిన్న చిన్న తహసీల్దార్లలా తిరిగారు.

అలాంటి మనిషి బతికుండగా ఉరుమన్న సినిమా వచ్చింది.

ట్రైలర్ విడుదలైన రోజు నా దుకాణంలోనే చూశాం. తెర మీద మబ్బులు చీలాయి, కొండ వణికింది, ఉరుమన్న దిగాడు. ఒంటినిండా నల్లటి రబ్బరు, పలకలు పలకలుగా కవచం. ఇస్రాయేలు మామ ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పెట్టాడు. తలకిందులు చేశాడు.

"జేబులేవి?"

డిగ్రీ చదివే గణేష్ అక్కడే ఉన్నాడు. 'ఉరుమన్న దండు' వాట్సాప్ గ్రూపుకు వాడే పెద్ద. "జేబులు పాత ఫ్యాషన్ మామా. కొత్త డ్రెస్సు గాలిని కోసుకుంట పోతది."

"కోస్తే కోసిండు. తాళంచెవి యాడ పెడ్తడు?"

"ఉరుమన్నకు ఇల్లే లేదు గద!"

"ఇల్లు లేనోనికి జేబన్న ఉండాలెగా!"

దాంతో వనపర్తి రెండుగా చీలింది. టీ కొట్టు దగ్గర జేబులోళ్లు ఒకవైపు, రబ్బరోళ్లు ఒకవైపు. ట్రైలర్ కింద మామ "జేబులేవి?" అని రెండు వందల పద్నాలుగు సార్లు రాశాడు. గణేష్ ఆయన్ను గ్రూపులోంచి తీసేశాడు. మామ సారమ్మత్త ఫోనుతో మళ్లీ చేరాడు. అదీ తీసేశారు. మర్నాడు పాల్ అయ్యగారి ఫోను నుంచి ఉదయపు బైబిల్ వాక్యం వచ్చింది, దాని కిందే "జేబులేవి?" అని కూడా వచ్చింది.

"పాత కథల కొల్లాపూర్ కాడ పడవ మునిగినప్పుడు ఉరుమన్న ఆ జేబులకెల్లి తాడు తీసి నలభై మందిని లాగిండు. రబ్బరోడు ఏం తీస్తడు?" అని మామ అడిగితే రబ్బరోళ్లు మాట మార్చేవాళ్లు. పాత కథ చదివినవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు మరి.

ఈ గొడవకు టాకీసు యజమాని చిన్నయ్య ఒక దారి చూపాడు. విడుదల రోజు పొద్దున పాలిటెక్నిక్ మైదానం నుంచి ఊరంతా చుట్టి టాకీసు దాకా ఐదు కిలోమీటర్ల పరుగు. ఏ డ్రెస్సు వేసుకున్నవాళ్లు గెలిస్తే ఆ డ్రెస్సులోని ఉరుమన్నే గేటు దగ్గర ముప్పై అడుగుల బొమ్మగా నిలబడతాడు. రబ్బరోళ్ల తరఫున గణేష్ పేరు ఇచ్చాడు. జేబుల తరఫున మామ యమునను అడిగాడు.

యమున రైతుబజారులో కూరగాయలమ్మే సుగుణమ్మ కూతురు. పందొమ్మిదేళ్లు. మేక పిల్ల కంచె దూకినట్టు పరిగెత్తుతుంది. కానీ కిందటేడు నాగర్‌కర్నూలు పోటీల్లో సగం దూరంలోనే కుప్పకూలింది. బలహీనమైన పిల్ల అని అందరిలా నేనూ అనుకున్నాను. సుగుణమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని మామ దుకాణానికి వచ్చి, గోడ ఈవల నాకు కూడా వినిపించేంత గట్టిగా చెప్పింది.

"వద్దన్నా. అందరి ముందల పడ్డది. మళ్ల పడితే నేను తట్టుకోలేను."

"పడదు చెల్లె."

"పడితే? పడితే ఇగ పరుగు బంద్. కాలేజీ జట్టు లేదు, ఏం లేదు. ఒప్పుకుంటవా బిడ్డా?"

"ఒప్పుకుంటనమ్మా," అంది యమున.

ఆ పొద్దున ఎండ అప్పుడే పదును పెడుతోంది. యమున ఆకుపచ్చ చొక్కా వేసుకుంది, ఛాతీ మీద రెండు జేబులు. గణేష్ రబ్బరు షీట్లతో చేయించుకున్న కవచంలో మెరిసిపోతున్నాడు. నేను స్కూటర్ నడుపుతుంటే వెనక ఇస్రాయేలు మామ కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా మా స్కూటర్ ఒక భజన బృందంలా మోగింది.

రెండు కిలోమీటర్ల దాకా గణేషే ముందు. అప్పుడు గమనించాను. డ్రెస్సుకు జేబుల్లేవు కదా, పాపం వాడు ఫోను చేత్తో పట్టుకుని, బండి తాళంచెవి పళ్ల మధ్య కరుచుకుని పరిగెత్తుతున్నాడు. ఇంతలో ఫోను మోగింది.

"ఊఁ... ఊఁ... ఊఁ," అన్నాడు గణేష్.

ఫోనులో వాళ్లమ్మ. వీడికేదో అయిందని ఆమె అటునుంచి ఏడుపు అందుకుంది. తాళంచెవి చేతిలోకి తీసుకుని ఆమెను ఓదార్చి మళ్లీ కరుచుకునేసరికి యమున వాణ్ని దాటేసింది.

ఆమె పరుగు చూస్తుంటే రోడ్డే ఆమె పాదాల కిందికి ఇష్టంగా వచ్చి పడుకుంటున్నట్టు ఉంది. మధ్యలో మూడుసార్లు చెయ్యి కుడి జేబులోకి వెళ్లింది, నోటికి వెళ్లింది. ఆ మూడుసార్లూ మామ నా భుజాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఎందుకో అర్థం కాలేదు. టాకీసు ముందు కట్టిన దారాన్ని ఛాతీతో తెంపి యమున చేతులు పైకెత్తినప్పుడు మాత్రం నేను స్కూటర్ హారన్ నొక్కి వదల్లేదు. గణేష్ ఇంకా యాభై అడుగుల వెనకే ఉన్నాడు, ఒంటిమీద రబ్బరు పలకలు ఒక్కొక్కటే ఊడి పడుతున్నాయి.

అప్పుడు రబ్బరోళ్లలో ఒకడు అరిచాడు. "ఏదో తిన్నది! జేబులకెల్లి తీసి తిన్నది! బలం మందు!"

చప్పట్లు ఆగిపోయాయి. చిన్నయ్య మైకుతో ఇబ్బందిగా అడిగాడు. "ఏం తిన్నవ్ బిడ్డా?"

జనంలో సుగుణమ్మ ముఖం తెల్లబోయింది. యమున నేలచూపులు చూస్తోంది. అంతలో గలగలమంటూ ఇస్రాయేలు మామ టాకీసు అరుగెక్కి మైకు లాక్కున్నాడు.

"సోంపు! నేనే ఇచ్చిన."

"సోంపు తింటే గింత ఉరుకుతరా?" ఎవడో నవ్వాడు.

మామ ఒక్క క్షణం యమున వైపు చూశాడు. "సరే. తప్పు నాదే. గెలుపు తీసేసుకోండ్రి. రబ్బరు డ్రెస్సే మంచిది. జేబులు గీబులు ఏం వద్దు. ఓడిపోయినమని రాసుకోండ్రి. పిల్లను మాత్రం ఏం అడగొద్దు."

నా చెవులను నేను నమ్మలేదు. సూర్యుడు లేచి, ఇక వెలుగుతో పని లేదని చెప్పినట్టుంది. రబ్బరోళ్లు కూడా నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు.

"మామా, జర ఆగు." యమున మైకు అందుకుంది. "నాకు షుగర్ ఉంది. పదకొండేండ్లప్పటి సంది సూది తీసుకుంటున్న. ఉరికితే షుగర్ పడిపోతది, గందుకే గ్లూకోజు బిళ్లలు తినాలె. గివ్వే, సూడుండ్రి. పోయినేడు పోటీలోళ్లిచ్చిన డ్రెస్సుకు జేబు లేకుండె. గందుకే పడిపోయిన."

యమున ఇస్రాయేలు మామ వైపు తిరిగింది.

"బిళ్లలు పెట్టుకోనీకె బడి డ్రెస్సుకు జేబు గావాలని పదకొండేండ్లప్పుడు మామ కాడికి పోయిన. ఎవ్వరికి తెల్వొద్దని ఏడ్సిన. నా ఒక్కదానికే జేబుంటే జేబుల ఏముందని అడుగుతరు గద. గందుకని మామ అందరికి కుట్టిండు."

మూడు వందల నలభై జేబులు. ఒక్క జేబును దాచడానికి!

ముందు వరుస కుర్చీలోంచి వసంత టీచరు లేచి చప్పట్లు మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆ చప్పుడు వానలా టాకీసు రేకుల మీదికి ఎక్కింది. సుగుణమ్మ అరుగెక్కి కూతుర్ని పక్కకు నెట్టి మైకు పట్టుకుంది. "నా బిడ్డ రేపు గుడ ఉరుకుతది. ఎల్లుండి గుడ ఉరుకుతది!" అని అరిచి, ఇంకేం చెప్పాలో తెలియక మైకుకే దండం పెట్టింది.

గణేష్ తాళంచెవి నోట్లోంచి తీశాడు. "పసుపు రంగు డబ్బా యాడుంది?" అన్నాడు.

గేటు దగ్గర, గెలుపు తమదేనని రబ్బరోళ్లు ముందే తెచ్చిపెట్టిన ముప్పై అడుగుల రబ్బరు ఉరుమన్న ఉన్నాడు. గణేష్ నిచ్చెనెక్కి, ఆ నల్లటి ఛాతీ మీద తన చేత్తోనే రెండు జేబులు గీశాడు. కింద నుంచి ఇస్రాయేలు మామ ఊరుకుంటేనా!

"ఎడమది కిందికి జారింది! కొలత తీస్కోవా? అది జేబా, జోలెనా?"

"మామా, నువ్వే ఎక్కు రాదు!"

"నేనెక్కితే నాలుగు పెడ్త!"

మధ్యాహ్నం ఆట చూసి బయటికి వచ్చాం. బొమ్మ మెడలో పూలదండ, పక్కన జనం భుజాల మీద యమున. స్కూటర్ తీస్తూ, పొద్దుటి నుంచి నోట్లో ఆడుతున్న ప్రశ్న అడిగేశాను. "మామా, ఇన్నేళ్ల నీ ఉరుమన్న పిచ్చి అంతా ఆ పిల్ల కోసమేనా? మరి ఆ పాత కథలు, పడవలు, తాళ్లు?"

మామ అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"నేను యాడ చదివిన శ్రీనాథూ? అప్పుడు నేను బొంబాయిల మిషన్ తొక్కుతుంటి. యాడన్న ఒక్క పాత పుస్తకం దొరికితే తెచ్చియ్యి. గింత లొల్లి జేసిన, కథ ఏందో జర తెల్వొద్దా?"