బసవరాజ్ సాబ్ సుద్దముక్క

బసవరాజ్ సాబ్‌కు లోకంలో ఏదీ నచ్చదు. నచ్చకపోతే మూతి విరిచి ఊరుకునే రకమైతే బాగానే ఉండేది. ఆయన అలా కాదు. చొక్కా జేబులోంచి పసుపు సుద్దముక్క తీస్తాడు, నచ్చని వస్తువు మీద ఇంటూ మార్కు కొడతాడు, "రిజెక్ట్" అంటాడు, సుద్దముక్క మళ్ళీ జేబులో వేసుకుని తన దారిన తాను పోతాడు.

జహీరాబాద్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు ఇన్‌స్పెక్షన్ పని చేశాడు మరి. ట్రాక్టర్ గేటు దాటే ముందు చివరగా చూసేవాడు ఆయనే. లోపం కనబడితే ఇంటూ, బాగుంటే సున్న. రిటైరైన నాడు శాలువా కప్పి, గోడ గడియారం చేతికిచ్చి పంపారు గానీ, సుద్దముక్క వెనక్కి అడగడం మరిచిపోయారు. ఆ గడియారం మీద ఆ సాయంత్రమే ఇంటూ పడింది. రెండు నిమిషాలు వెనక నడుస్తోందట.

అది మొదలు. మార్కెట్‌లో అల్లం అమ్మే శరణమ్మ గంప మీద ఇంటూ కొట్టాడు.

"నా అల్లం మీద గీ గీతలేంది సాబ్?"

"నీళ్ళల్ల నానబెట్టినవ్. రిజెక్ట్."

"నీ కండ్లు పాడుగాను! గిరాకి ముంగట గట్లంటరా ఎవరన్న?"

ఆ రోజునుంచి ఆయన సందు మలుపులో కనబడితే చాలు, శరణమ్మ గంప మీద గోనెపట్టా కప్పేస్తుంది. గృహప్రవేశం నాడు బావమరిది కొత్త గడప మీద, పసుపు బొట్లకు పక్కనే, ఇంటూ కొట్టాడు. గడప అర అంగుళం వంకరట. బావమరిది రెండేళ్ళు మాట్లాడలేదు. వానాకాలం వస్తే ఆ తలుపు ఇప్పటికీ మూసుకోదు, అది వేరే సంగతి. మనవరాలు స్నేహ ముచ్చటగా గీసుకొచ్చిన సూర్యుణ్ణి కూడా వదల్లేదు మహానుభావుడు. "కిరణాలు ఒక దిక్కు తక్కువున్నయ్ బిడ్డా" అన్నాడు.

ఆయన సున్న చుట్టగా చూసినవాళ్ళు మాత్రం ఊళ్ళో ఒక్కరూ లేరు.

ఈ సుద్దముక్కకు అందరికన్నా ఎక్కువ బలైనవాడు మెకానిక్ రామ్‌కిషన్. పాత రోడ్డు పక్కన రేకుల షెడ్డు అతనిది. లారీలన్నీ బైపాస్ మీదికి మళ్ళిపోయాక సగం గిరాకీ పోయింది. మిగిలిన సగం, మూడేళ్ళ కిందట శ్రావణంలో లక్వా కొట్టి ఒక పక్క పడిపోయినప్పుడు పోయింది. వంకరపోయిన మూతి సర్దుకుంది, కాలు సర్దుకుంది. కుడిచెయ్యి మాత్రం ఎవరిదో తెచ్చి తగిలించినట్టు భుజం నుంచి వేలాడుతూ ఉండిపోయింది. దవాఖానలో డాక్టరమ్మ ఆకుపచ్చ రబ్బరు బంతి ఒకటి ఇచ్చి, వేళ్ళు రోజూ ఆడించాలనీ, లేకపోతే ఇక ఆ చెయ్యి అంతేననీ చెప్పింది. బంతి ఎవరి బంతితోనూ కలిసిపోకుండా దాని మీద పెన్నుతో 'రా.కి.' అని రాసి కూడా ఇచ్చింది.

ఐదు రోజులు పిసికాడు. ఆరో రోజు, "లారీ ఇంజన్లు దించిన చెయ్యి ఇది. పోరగాండ్ల బంతి పిసుక్కుంట కూసోవాల్నా?" అని ఎడమచేత్తో దాన్ని షెడ్డు మీదుగా బయటికి విసిరేశాడు. ఆ తర్వాత గోడకేసి కూర్చున్నాడు. రేకుల చిల్లుల్లోంచి వాన నీళ్ళు కారుతుంటే కింద బకెట్టు పెట్టడానికి కూడా లేచేవాడు కాదు. భార్య యాదమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేది. ఆ ముద్దలు తినేటప్పుడు అతను ఆమె ముఖం చూసేవాడు కాదు. యాభై ఏళ్ళ మనిషికి అంతకన్నా సిగ్గు ఏముంటుంది? పానాలు పట్టని చేతికి పానాలెందుకని, ఒకరోజు తుక్కు కొనే అమర్నాథ్‌ను పిలిపించాడు.

అమర్నాథ్ తక్కెడ దించి, పానాల పెట్టె మీద చెయ్యి వేశాడో లేదో, ముసురులో ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. దాని వెనక తాడుతో కట్టి ఒక శవం ఉంది. అంటే, ఒకప్పుడు పికప్ బండి. తలుపులు లేవు, ఒక కన్ను లేదు, సీటులో ఎలుకల సంసారం, వెనక డబ్బాలో నడుమెత్తు ఉమ్మెత్త చెట్టు. బసవరాజ్ సాబ్ గొడుగు పట్టుకుని పక్కన నడుస్తున్నాడు.

"ఏంది సాబ్ ఇది?"

"ఫోర్ వీల్ బండి."

"గా వీల్లు ఏవి మరి?"

"రెండున్నయ్. ఇంకో రెండు దొర్కుతయ్. బాగుజెయ్యి."

"నా చెయ్యి జూసిన్రా మీరు?"

"జూసిన. న్యాల్‌కల్ కాడ నా చేను తొవ్వంత నల్లరేగడి. వాన పడ్డదంటె ట్రాక్టర్ గూడ దిగవడ్తది. నాలుగు చక్రాలు తిరిగె బండి గావాలె నాకు. కొత్తది కొనే తాకత్ లేదు. ముసలి బర్రె ధరకు గిది దొర్కింది."

"హైద్రాబాద్‌ల మస్తు మంది మెకానిక్‌లున్నరు గద."

"ఆళ్ళకు నేనంటె భయం లేదు."

మధ్యలో అమర్నాథ్ గొణిగాడు. "మరి నా పానాల సంగతి?" బసవరాజ్ సాబ్ వంగి ఆ తక్కెడను ఒక్కసారి చూసి, దాని మీద బారెడు ఇంటూ కొట్టాడు. అమర్నాథ్ ముఖం మాడ్చుకుని తక్కెడ ఎత్తుకుపోయాడు. పానాలు షెడ్డులోనే మిగిలాయి.

తలుపులు ఎక్కడో కాలిపోయిన జీపువి వచ్చాయి. సీటు మూలపడ్డ బస్సుది, లైటు చచ్చిన ట్రాక్టర్‌ది, హారన్ ఏ లారీదో గానీ నొక్కితే బర్రె ఈనుతున్నట్టు అరిచేది. కొత్త సామాను ఒక్కటీ లేదు. అన్నీ ఆ అమర్నాథ్ తుక్కు దుకాణంలోంచే తేవాలి, అతనేమో తక్కెడ అవమానం మరిచిపోకుండా ప్రతిదానికీ రేటు పెంచి చెప్పేవాడు.

ఏ పని ముందో, ఏది తర్వాతో అంతా బసవరాజ్ సాబ్ హుకుమే. మొదటి ఏడు మొత్తం చక్రాలు, కమాను కట్టలు. అన్నీ పెద్ద బోల్టులే. తీస్-బత్తీస్ పానా, అంటే వాటిలో అన్నిటికన్నా పెద్దది. రామ్‌కిషన్ పిడికిలి మూసుకోకపోతే యాదమ్మ పాత చీరపేలికతో చేతిని పానాకే కట్టేది. చెమటలు కక్కుతూ వారం రోజులు బిగించినదాన్ని బసవరాజ్ సాబ్ ఒక్క నిమిషంలో చూసి ఇంటూ కొట్టేవాడు.

"ఎడమ చేత్తోటి బిగిచ్చినవ్. రిజెక్ట్."

"బోల్టుకు ఏ చెయ్యి అయితేంది సాబ్?"

"బోల్టుకు ఎర్కైతది. మళ్ళ ఇప్పు."

యాదమ్మ చాయ్ గ్లాసు పట్టుకొచ్చి బతిమాలేది. "నీకు పుణ్యముంటది అన్నా, ఒక్క బోల్టన్న పాస్ జెయ్యి. మనిషి రాత్రంత పండ్లు కొరుకుతుండు."

"పాస్ జేస్తె కొరుకుడు బందైతదా చెల్లె? చక్కెర ఎక్కువేసినవ్, గ్లాసు రిజెక్ట్."

రెండో ఏడు ఇంజన్. పానాలు కొంచెం చిన్నవయ్యాయి. ఇంటూలు మాత్రం అంతే ఉన్నాయి. రామ్‌కిషన్‌కు పొద్దున లేస్తే ఒకటే ధ్యాస, ఈ ముసలాయనతో ఒక్కసారి సున్న చుట్టించాలి. మూతి మీద ఈగ వాలినా తోలుకోనివాడు, కోపంతోనైనా సరే, చీకటి విడవకముందే షెడ్డుకు పోయేవాడు. "చచ్చే లోపల ఒక్క సున్న జూస్త యాదీ, గంతే" అనేవాడు.

ఈ ఏడు ఆషాఢంలో అసలు పరీక్ష వచ్చింది. నాలుగు చక్రాలకూ బలం పంచే చిన్న గేర్‌బాక్స్ ఒకటి ఉంటుంది. దాని లోపలి ఇరుసు చుట్టూ బియ్యపు గింజ కన్నా కాస్త పొడుగున్న ఇనుప సూదులను గ్రీజులో ఒక్కొక్కటే నిలబెట్టాలి. మొత్తం ఎనభై ఎనిమిది. ఒక్కటి జారితే అన్నీ జారతాయి. మొదటిసారి డెబ్భై నిలబెట్టాక చెయ్యి వణికి అన్నీ బురదలో పడ్డాయి. రామ్‌కిషన్ అక్కడే కూలబడి ఏడ్చాడు. యాదమ్మ చాటలో వాటిని ఏరుతూ కూర్చుంది. రెండోసారీ అంతే. మూడోసారి, పదకొండు రోజులకు, ఎనభై ఎనిమిదీ నిలబడ్డాయి. మూత బిగించి, గేర్‌బాక్స్‌ను బండికి ఎక్కించి, బసవరాజ్ సాబ్‌కు కబురు పెట్టి, తల దువ్వుకుని నిలబడ్డాడు.

ఆయన వచ్చాడు. మూసిన గేర్‌బాక్స్‌ను వేలితో రెండుసార్లు తట్టాడు. ఇంటూ కొట్టాడు.

"మూత తీయకుంట లోపల ఎట్ల జూసిన్రు?" రామ్‌కిషన్ గొంతు షెడ్డు రేకులకు తగిలింది. "మూడేండ్ల సంది నన్ను కోతిని ఆడిచ్చినట్టు ఆడిస్తున్నరు! మీతోటి ముచ్చట లేదిగ. ఎక్కున్రి బండి. మీ చేనుకు పోదాం. గా రేగడే చెప్తది పాసో ఫెయిలో!"

"జర ఆగు. చేను సంగతి తర్వాత..."

"ఎక్కున్రి!"

ముప్పై ఒక్క ఏళ్ళ ఇన్‌స్పెక్టరు నోరు మూసుకుని ఎక్కాడు. బండి ఖళ్ళుమని దగ్గి, నల్లటి పొగ వదిలి, కదిలింది. న్యాల్‌కల్ దారి పొడుగునా వాన, రెండు దిక్కులా తడిసిన కంది చేలు. ఒకచోట రోడ్డు దిగి రేగడిలో కూరుకున్న ఆటోను నలుగురు తోస్తున్నారు. బసవరాజ్ సాబ్ మధ్యమధ్య వద్దన్నట్టు దగ్గుతున్నాడు.

"ఆపు. గిదే" అన్నాడు చివరికి.

రామ్‌కిషన్ చూశాడు. చేను గేటు దాకా నున్నటి తారు రోడ్డు. గేటు ముందు బస్ స్టాపు కూడా ఉంది. రేగడి అంటే, అదిగో, కంచె లోపల ఎక్కడో దూరంగా ఉంది.

"తొవ్వంత రేగడన్నరు?"

బసవరాజ్ సాబ్ బస్ స్టాపును శ్రద్ధగా పరిశీలించసాగాడు.

వాన జల్లు కిటికీలోంచి లోపలికి కొడుతోంది. అద్దం ఎత్తడానికి రామ్‌కిషన్ కుడివైపు తలుపుకున్న తిప్పే పిడిని పట్టుకున్నాడు. దాని చివర గుండీ ఊడిపోయి ఉంటే, బసవరాజ్ సాబ్ ఇందాక షెడ్డుకు వచ్చీ రాగానే ఏదో తెచ్చి తగిలించాడు. మెత్తగా తగిలింది. వంగి చూశాడు. ఆకుపచ్చ రబ్బరు బంతి. మాసిపోయింది గానీ 'రా.కి.' అన్న అక్షరాలు ఇంకా తెలుస్తున్నాయి.

"ఇది... ఇది మీకేడ దొర్కింది సాబ్?"

"దొరుకుడేంది? వచ్చి నా నెత్తి మీదనే పడ్డది. నిన్ను పలకరిద్దామని వస్తుంటి ఆనాడు."

రామ్‌కిషన్ చేతిలో బంతి అలాగే ఉంది. ముందు తీస్-బత్తీస్ పానా. తర్వాత చౌబీస్, ఉన్నీస్, చౌదా, దస్. ఆ తర్వాత ఇస్క్రూలు. ఆ తర్వాత సూదులు. మూడేళ్ళుగా పానాలు ఒక్కో నంబరూ తగ్గుతూ వచ్చాయి. ఏ బండినీ ఏ మెకానిక్కూ ఆ వరుసలో బాగుచేయడు. ఉన్నట్టుండి ఇంకోటి గుర్తొచ్చింది. పొద్దున అన్నం తానే కలుపుకున్నాడు. నిన్న కూడా. యాదమ్మ ముద్దలు పెట్టడం ఎప్పుడు మానేసిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

"మరి గీ బండి మీకెందుకు సాబ్?"

"నాకెందుకు? నాకు స్కూటరుంది. షెడ్డు ముంగట పెట్టుకో. రేగడ్ల దిగవడ్డోళ్ళను గుంజి పైసలు దీస్కో, ఇందాక జూసినవ్ గద ఆటోను. బోర్డు గూడ రాయించు. తప్పుల్లేకుంట."

ఆయన గొడుగు తెరిచి దిగాడు. బండి చుట్టూ తిరుగుతూ హారన్ మీద ఒకటి, వెనక తలుపు మీద ఒకటి, చచ్చిన ట్రాక్టర్ లైటు మీద ఒకటి, తీరిగ్గా ఇంటూలు కొట్టాడు. తడి మీద సుద్ద సరిగ్గా అంటక తిట్టుకున్నాడు. చివరికి కిటికీ దగ్గరికి వచ్చి, రామ్‌కిషన్ కుడిచెయ్యి బయటికి లాగి, దాని వెనకభాగాన్ని తన తుండుతో రెండుసార్లు తుడిచి, నాలుక కొద్దిగా బయటపెట్టి, దాని మీద సున్న చుట్టాడు.

రామ్‌కిషన్ చెయ్యి కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. ముక్కు ఎగబీల్చాడు.

"ఇది సున్ననా సాబ్? కోడిగుడ్డు లెక్కుంది. వంకర. రిజెక్ట్."

బసవరాజ్ సాబ్ ముందు ఉలిక్కిపడ్డాడు. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. నిజంగానే వంకరగా ఉంది. చుట్టి ఎన్నేళ్ళయిందో మరి.

"ఇటు తే చెయ్యి" అన్నాడు, తుండుతో మళ్ళీ తుడుస్తూ. "ఇంకోసారి గీస్త."