తిరకాసు బాబాయి తప్పొప్పుల పట్టిక

తప్పులు మాట్లాడాడన్న నేరానికి ఒక మనిషిని డయాలిసిస్ వార్డులోంచి తీసేసి, కిటికీ లేని రికార్డు గదిలో కూర్చోబెట్టారు. విచారణ పావుగంటలో ముగిసింది. ఆధారం ఒక్కటే: ఒక రోగి స్వహస్తాలతో రాసిన నోటుపుస్తకం.

ఆ మనిషి వార్డు టెక్నీషియన్. రోగులందరికీ తిరకాసు బాబాయి. ఇరవై ఏళ్లుగా ఆ యంత్రాల మధ్యే తిరుగుతూ, రక్తం వడకట్టే పొర దాటి ఏది ఎటు పోతుందో ఒక్కనాడూ సరిగ్గా చెప్పని మహానుభావుడు. నోటుపుస్తకం మూడో మంచం పెద్దాయనది. నలభై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది, కిడ్నీలు పోయినా కోపం పోని మనిషి. బస్సు టికెట్టు కూడా పారేయరు.

వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు. బూడిదరంగు గోడలు, యంత్రాల మూలుగు, అప్పుడప్పుడూ ఖాళీ అయ్యే ఒక మంచం. దాని సంగతి ఎవరూ అడగరు. ఆ మౌనంలోకి బాబాయి గొంతు జొరబడేది.

"గురువుగారూ, కణానికి పొర ఉంటుంది కదా! నీళ్లు దాన్ని దాటి ఉప్పు తక్కువున్న వైపుకే పరిగెడతాయి."

"ఎక్కువున్న వైపుకయ్యా!" పెద్దాయన కస్సుమనేవారు.

"అలాగా? పోనీ, ప్రాణవాయువు లోపలికి పోవాలంటే కణం ఒళ్లు హూనం చేసుకోవాల్సిందే."

"అక్కర్లేదు! బయట ఎక్కువ, లోపల తక్కువ, దానంతటదే పోతుంది. తక్కువలోంచి ఎక్కువలోకి ఎదురెక్కించే వాటికే శక్తి కావాలి. మొన్ననే చెప్పానా లేదా?"

రెండో మంచం దర్జీ అక్క నవ్వు ఆపుకుంటూ అడిగేది. "మరి నా నెత్తుట్లో చెత్త, బాబాయ్?"

"ఈ గొట్టంలో పొర దాటి, నీళ్లలోంచి నీ నెత్తుట్లోకే వస్తుందక్కా."

"చంపేస్తావా ఏంటి! నెత్తుట్లోంచి నీళ్లలోకి పోతుంది!"

పెద్దాయన ప్రతి తప్పునూ తారీఖుతో సహా పట్టికకెక్కించారు. నాలుగేళ్లలో ఆరువందలు దాటాయి. కొత్త సూపరింటెండెంటు అడగ్గానే గర్వంగా చేతిలో పెట్టారు. మూడోనాడే ఉత్తర్వు వెలువడింది: 'ఇతడు అసమర్థుడు.'

బాబాయి స్థానంలో వచ్చినవాడు తప్పు మాట్లాడడు. అసలు మాట్లాడడు. రెండో వారంలో ఒకనాడు దర్జీ అక్క నిద్రపోతోందనే అందరూ అనుకున్నారు. రక్తపోటు పడిపోయి స్పృహ తప్పిందని, యంత్రం కూసేదాకా ఎవరికీ తెలియలేదు. బతికింది. చేతి వణుకు మాత్రం తగ్గలేదు, సూదిలో దారం ఎక్కించలేకపోతోంది.

అక్క స్పృహ తప్పిన సాయంత్రమే, బాబాయి ఉన్నన్నాళ్లూ ఇలా ఎన్నడూ జరగలేదేమని, పెద్దాయన ఇంట్లో కాగితాలన్నీ పరిచారు. నోటుపుస్తకంలో పద్నాలుగు చోట్ల ఒకటే మాట: 'నీరసం. ఇవాళ దిద్దలేదు.' అవే తారీఖుల ఆస్పత్రి చీటీలు వెతికారు. పద్నాలుగింటిలోనూ ఒకటే రాత: 'బీపీ తగ్గింది. కాళ్లు ఎత్తుగా పెట్టి సెలైన్ ఇవ్వడమైనది.' కింద బాబాయి సంతకం.

మర్నాడు రికార్డు గదికి వెళ్లి నిలదీశారు.

"కావాలనే తప్పులు చెప్పావా?"

బాబాయి తల గోక్కున్నాడు. "యంత్రం బీపీ చూసేది అరగంటకోసారి, గురువుగారూ. మీరు నా తప్పు విని ఊరుకున్నారంటే నాకు ఆ క్షణమే తెలిసిపోయేది."

"విచారణలో ఈ ముక్క చెప్పడానికి నోరు రాలేదా?"

"చెబితే మీ చెవిన పడదూ? తెలిశాక మీకు కోపమెలా వస్తుంది?"

"ఇప్పుడు నాకు కోపం తక్కువగా ఉందనా నీ ఉద్దేశం?"

పెద్దాయన అర్జీ అక్కడి బల్ల మీదే రాశారు. నకలు జేబులో పెట్టుకున్నారు.

'సూపరింటెండెంటు గారికి. పద్నాలుగు చీటీల నకళ్లు జతపరిచాను. నా పట్టికలో అన్నిటికన్నా పెద్ద తప్పు నాదే. అతణ్ణి సోమవారం మొదటి షిఫ్టుకు, తప్పులతో సహా, మా వార్డుకు పంపండి. తమ ఉత్తర్వు రెండో వరుసలో "అసమర్థుడు" అని ఉంది. మొదటి అక్షరం అదనంగా పడింది. కొట్టేయండి.'