శుక్రవారం పసుపు నీళ్లు

నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులంటే తిరుచానూరే. మా నాయన పూతలపట్టులో బడిపంతులు. బడి మూసేయగానే నన్ను బస్సెక్కించి మా మామ దగ్గరికి పంపేసేవాడు. మామ, అంటే మా అమ్మకు అన్న, అమ్మవారి గుడికి దగ్గర్లో చిన్న లాడ్జి నడిపేవాడు. ఆయనంటే నాకు ప్రాణం. నన్ను భుజాన ఎక్కించుకుని పూలంగళ్ల మధ్య తిప్పేవాడు. నేనేదైనా అడిగితే మా నాయన జవాబు చెప్పేవాడు, మామ కథ చెప్పేవాడు. ఆ వయసులో ఇద్దరిలో ఎవరు గొప్పగా కనిపిస్తారో వేరే చెప్పాలా!

ఆ కథల్లో ఒకటి లాడ్జి పెరట్లోని బావి గురించి. శుక్రవారం అమ్మవారికి అభిషేకం జరుగుతుంది కదా, ఆ పసుపు నీళ్లు భూమిలో ఇంకి నేరుగా మన బావిలోకే వస్తాయట. నిజంగానే శుక్రవారం పూట తోడితే నీళ్లు పచ్చగా ఉండేవి. ఇంకేం కావాలి నాకు? లాడ్జిలో దిగినవాళ్లందరినీ చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయి ఆ మహిమంతా చెప్పేదాన్ని. చెబుతుంటే నాకే ఒళ్లు పులకరించేది. ఒక్క పూటకని వచ్చినవాళ్లు శుక్రవారం దాకా ఆగిపోయేవాళ్లు. మామ మాత్రం ఆ మాట తన నోటితో ఎవరికీ చెప్పేవాడు కాదు. ఎవరైనా అడిగితే "మా పాపనడగండి" అని నవ్వేవాడు. నాకెంత గర్వంగా ఉండేదో!

ఒక ఏడాది సత్యవేడు వైపు నుంచి ఒకామె భర్తతో, చిన్న కూతురితో వచ్చింది. ఆ బిడ్డకు వదలని జ్వరం. తిరుపతి పెద్దాసుపత్రికని బయల్దేరి, ముందు అమ్మవారికి దండం పెట్టుకుందామని మా దగ్గర దిగారు. ఆమె నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వింది, జడలో మల్లెపూలు పెట్టింది. నేనూరుకుంటానా? బావి సంగతి చెప్పేశాను.

"నిజమేనా పాపా? నువ్వు సూసినావా?" అంది.

"నా కండ్లారా సూసినానక్కా" అన్నాను.

భర్త ఆసుపత్రికి పోదామన్నాడు. ఆమె వినలేదు. "ఇంత సిన్నబిడ్డ అబద్ధం సెప్తాదా? శుక్రారం దాకా ఉండి, ఆ నీళ్లు తాపిచ్చే పోదాం" అంది. మామ అక్కడే కూర్చుని ఉన్నాడు. అన్నీ విన్నాడు. తాళం చెవుల గుత్తి తిప్పుకుంటూ ఊరకున్నాడు.

గురువారానికి ఆ బిడ్డ కళ్లు తెరవడం కూడా తగ్గించేసింది. తెల్లారితే శుక్రవారం కదా అని తల్లి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నేను అందరికంటే ముందే లేచాను, మొదటి చేద నేనే తోడి తెచ్చివ్వాలని. గుడిలో అభిషేకం ఇంకా మొదలే కాలేదు. పెరట్లోకి పోతే బావి దగ్గర మామ కనిపించాడు. గట్టు మీద వంగి, కాగితం పొట్లం విప్పి, వంటింటి పసుపు లోపలికి దులుపుతున్నాడు. తర్వాత చేద వదిలి నీళ్లలో అటూ ఇటూ ఆడించి కలిపాడు.

నేను పరుగెత్తుకుంటూ ఆమె గదికి పోయాను. "అక్కా, ఆ నీళ్లు తాపొద్దు. మా మామే పసుపు కలపతా ఉండాడు" అన్నాను. భర్త మారు మాట లేకుండా బిడ్డను ఎత్తుకుని బయటికి నడిచాడు. ఆమె గడప దగ్గర ఆగి నా వైపు చూసింది.

"నువ్వు గూడానా పాపా?"

జవాబు కోసం ఆగలేదు. జట్కా ఎక్కి తిరుపతి దారి పట్టారు. ఆ బిడ్డ ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే దారీ లేదు.

నేను ఏడ్చి గోల చేశాను. "నాకెందుకు సెప్పలా మామా?" అని రొమ్ము మీద గుద్దాను. ఆయనకు కోపం కూడా రాలేదు. "సెప్పుంటే నువ్వింత బాగా సెప్పేదానివా? నేను సెప్తే ఎవురు నమ్ముతారు మే? లాడ్జివోడు అట్నే అంటాడులే అనుకుంటారు. నువ్వు నిజమనుకోని సెప్తావు గాబట్టే నమ్ముతారు" అన్నాడు. పైగా మెచ్చుకుంటున్నట్టు బుగ్గ గిల్లాడు.

నాలుగు తగిలించినా అంత బాధ పడేదాన్ని కాను. అబద్ధం చెప్పమని అడిగి ఉంటే, కనీసం అది అబద్ధమని నాకు తెలిసి ఉండేది. ఆయన నా నమ్మకాన్నే వాడుకున్నాడు. ఎత్తుకు తిప్పిన మనిషి! మరుసటి ఏడాది సెలవులకు నేను తిరుచానూరు పోలేదు. ఎందుకని మా నాయన అడిగితే కడుపునొప్పి అన్నాను.

పెద్దయ్యాక బ్యాంకులో చేరాను. కొత్త పథకం ఏది వచ్చినా, నా ముఖం చూస్తే జనానికి ధైర్యంగా ఉంటుందని నన్నే ముందు కూర్చోబెట్టేవాళ్లు. తర్వాత పరీక్ష రాసి రాయబార కార్యాలయాల్లో పనిచేశాను. మా దేశానికి రండి, చూడండి అని పరాయి దేశస్థులను పిలవడం నా పని. నేనెన్నడూ అడుగుపెట్టని ఊళ్ల గురించి ఎవరో రాసిచ్చిన మాటలు చిరునవ్వుతో చెప్పాలి. ఒకసారి నిండు సభలో నోరు పెగల్లేదు. మంచినీళ్లు తెచ్చిచ్చారు, తాగాను, అయినా మాట రాలేదు. ఆ ఉద్యోగం వదిలేసి, నడి వయసులో మళ్లీ పుస్తకాలు పట్టి, పర్యాటక ఆర్థికశాస్త్రం చదివి, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. చుట్టాలందరూ పిచ్చి పట్టిందన్నారు. అనుకోనీ! ఊళ్లోవాడికి తెలిసింది ఊరికి కొత్తగా వచ్చినవాడికి తెలియదు. ఆ తేడా మీద ఎవరు బతుకుతున్నారు, దానివల్ల ఎవరు మునుగుతున్నారు అన్నదే ఇన్నేళ్లూ నేను చెప్పిన పాఠం. తోటి ఆచార్యులు దానికి నోరు తిరగని పేర్లు పెడతారు. నాకు మాత్రం గడప దగ్గర ఆగి చూసిన ఆ తల్లి గుర్తొస్తుంది.

మామ పోయి చాలా కాలమైంది. ఆయన్ని ద్వేషించలేకపోయాను, అలాగని క్షమించనూ లేదు.

మొన్న తిరుపతిలో హోటల్ కడుతున్న కుర్రాడొకడు ఇంటికి వచ్చాడు. ప్రారంభం రోజున నాలుగు మంచి మాటలు మాట్లాడమన్నాడు. "మీరు సెప్తే జనం నమ్ముతారు మేడం" అన్నాడు. పాపం, గౌరవంగానే అన్నాడు. "జనం కంటే ముందు నన్నేం నమ్మించాలని వచ్చినావు నాయనా?" అని అడిగాను. వాడు బిత్తరపోయి, కాఫీ కూడా తాగకుండా లేచిపోయాడు. వాడు మంచివాడే అయ్యుండొచ్చు. కానీ నా మాట ఎవరైనా నమ్ముతానంటే ఈ వయసులోనూ నాకు సంతోషం కలగదు, భయమేస్తుంది.